గేజి

బర్కాల సముద్రాన్ని మంచినీళ్లు చేసే ప్లాంటు.
పన్నెండేండ్ల సంది నైటు షిఫ్టు నాదే.
గంటకోసారి గేజి చూసి రిజిస్టర్ల రాస్త:
అరవై రెండు బారు. అరవై నాలుగు. అరవై మూడు.
అరవై ఎనిమిది దాటితే అలారం ఒర్రుతది,
నాసర్ సాబ్ ఒంటి చెప్పుతో ఉరికొస్తడు.

ఒత్తిడికి పొర ఒక్క రాత్రిల చినగదు.
పాత పొరలను గొట్టాల్లోంచి గుంజింది ఈ చేతులే.
ముందు లోపలి మడతలు నలుగుతయి,
మెల్లగ గట్టిపడ్తయి,
ఆపాల్సినదాన్ని ఇడిచిపెట్టి
ఇడవాల్సినదాన్ని ఆపుకుంటయి.
పైన గొట్టం తెల్లగనే మెరుస్తుంటది.

నాలుగేండ్ల కింద వేలు తెగి క్లినిక్కుకు పోతే
లిన్సీ సిస్టర్ చేతికి పట్టీ చుట్టింది.
నూట డెబ్బై బై నూట పది.
మలయాళం కలిసిన హిందీల చెప్పింది:
రోజూ ఒక గోలీ, బతికినన్ని దినాలు.

మూడు నెలలు మింగిన.
తల నొస్తలేదు, కండ్లు తిరుగుతలేవు,
ఆరు రియాళ్లు మాత్రం పోతున్నయి.
ఆపిన.
రాత్రంత సముద్రం ఉప్పు తీసుడు,
పొద్దుగాల ఖుబ్బూస్‌కు చింతతొక్కు అద్దుకొని తినుడు.

మొన్నటి చలికాలం లెట్రిన్ల నురుగు.
సబ్బు కడగలేదని ఓదెలు మీద గులిగిన.
పాపం, వాడు రెండుసార్లు తోమిండు.
తర్వాత బూట్లు పట్టలే.
స్టోరుల తొమ్మిది నంబరు అడిగితే
నాసర్ నవ్విండు: యాభై ఏండ్లకు పెరుగుతున్నవా?

సుడాన్ డాక్టరు కాయితం మీద
సన్న నరాల ఉండ గీసిండు,
రెండు కిడ్నీల్ల ఇసోంటివి లక్షలట.
నెత్తురు జోరుగ కొట్టీ కొట్టీ, అని ఆయన మొదలుపెడితే
మిగిలింది నేనే చెప్పిన.
పెన్ను ఆపి అడిగిండు, నీ పనేంది?
నీళ్లు వడపోస్త సాబ్.

మా దగ్గర పొర పాడైతే డబ్బాల కొత్తది వస్తది, అన్న.
ఆయన చాలాసేపు ఏం అనలే.
పోయింది రాదు, అన్నడు.
మిగిలినదాని మీద బరువు తగ్గియ్యి.

ఓదెలు చందా వేసి మిషను కొన్నడు.
మూడు గంటలకు పంపు పక్కనే కూసుండి
పట్టీ బిగించుకున్న.
మోటారు సప్పుడుకు నా గుండె సప్పుడు ఇనబడలే,
అంకెలు మాత్రం వచ్చినయి.
అరవై మూడు బారు పక్కన ఖాళీల రాసిన:
నూట యాభై రెండు బై తొంభై ఆరు.
సంతకం పెట్టిన.

తెల్లారి నాసర్ అడుగుతడు,
ఇది ఏ పంపుదని.