తాత ఏకని దూది

ఆదోనిలో, జిన్నింగు మిల్లు వెనక సందులో
కరెంటు పోయిన మధ్యాహ్నం
రేపటి పాఠం రాసుకుంటున్నాను.
మూడో బెంచీ ఉరుకుందు అడిగాడు:
నక్షత్రాలే పుట్టకముందు
నల్లబిలం ఎట్లా పుడుతుంది మేడం?
సిలబస్‌లో లేదు. అయినా మాటిచ్చాను.

గోడవతల తాత ఉసేనప్ప
ఎవరిదో పాత బొంత విప్పి దూది ఏకుతున్నాడు.
తుంయ్... తుంయ్...
గది నిండా తెల్లటి పొగ.
తాత కనుబొమల మీద, పొడుం డబ్బా మీద,
చింపని క్యాలెండరులో పోయిన నెల మీద.

"అప్పుడు" అని మొదలుపెట్టాను.
అప్పుడంటే గడియారమే లేని అప్పుడు.
అంతా ఒకటే వేడి, ఒకటే వెలుగు.
తేడా అంటే లక్షలో ఒక వంతు,
క్వింటాలు దూదిలో ఒక గ్రాము.
ఆ గ్రాము ఎక్కువున్న చోటికే
పక్కనున్నది జరిగింది.
జరిగినందుకు బరువైంది.
బరువైనందుకు ఇంకాస్త జరిగింది.

మా మార్కెట్ యార్డులో ఈ లెక్క
ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

కానీ వెలుగు ఊరుకోదు.
ముద్ద కట్టబోతే చెదరగొడుతుంది,
తాత వింటినారిలాగే,
నొక్కుతూ, వదులుతూ, మోగుతూ.

"అన్నీ విడిపోతాయా తాతా?"

"యాడ విడిపోతాయి?
నూటికొక ఉండ సెమట తాగి బిగుసుకుంటాది.
కొడితే నారి తెగుతాది గానీ
అది మాత్రం ఇప్పుకోదు."
ఒకటి నా అరచేతిలో పెట్టాడు.
గోరు దిగలేదు.

లోపలి సెగ ఉన్నంతసేపే
ముద్ద తన బరువును తాను మోస్తుంది.
ఆ సెగను కొంచెం కొంచెంగా
బయటికి ఇచ్చేసుకుంటే
కుదించుకుంటుంది. ఇంకా ఇస్తుంది.
ఇంకా కుదించుకుంటుంది.
చివరికి ఇవ్వడం కూడా చేతకాని చోట
చీకటై కూర్చుంటుంది.

చదువుకుని, "కూర్చుంటుంది" కొట్టేసి
"కూర్చుని ఉండొచ్చు" అని దిద్దాను.
చూసొచ్చినవాళ్ళు ఎవరూ లేరు.

"ఈ ఉండల్ని పారేస్తావా?"

"ఎందుకు పారేస్తా?
మూలకొకటి పెట్టి కుడతా.
మిద్దె మీద పరుసుకుంటే
గాలికి లేవకుండా పట్టుకుంటాది.
బొంతంతా వాటెనకే సర్దుకుంటాది."

ఈ వాక్యం నా పుస్తకాల్లో ఉంది,
పాలపుంతల గురించి,
ఇంకా ప్రశ్నార్థకంతోనే.

కరెంటొచ్చింది.
ఫ్యాను తిరిగి దూదంతా లేచింది.
నా కాగితాలూ లేచాయి.
అరచేతిలోని ఉండను
వాటి మీద పెట్టాను.