గేరప్పు

గన్నవరం రన్‌వే మీద ఉన్నాను,
గుంటూరు నల్లచెరువు మూడో లైనులో,
బీరువాకీ మంచానికీ మధ్య.
ఇంజన్లు రెండూ తిరుగుతున్నాయి.
పైన ఫ్యాను తిరగట్లేదు.
ఆ హోరులో మైకుకి నా మాట వినబడదని
నేనే ఆపాను. మే నెల.
చెమట చుక్కలు జాయ్‌స్టిక్కు మీద.

నేల వదిలాక చెప్పాను: గేర్ అప్పు.
మళ్లీ చెప్పమంది.
గేర్ అప్పు.
మళ్లీ చెప్పమంది.
గేరప్పూ!
వంటింట్లోంచి భ్రమరాంబ:
"ఎవరి దగ్గరండీ? మళ్లీనా?"

ముప్పయ్యొక్క ఏళ్లు
మిర్చి యార్డులో కాటా పిలిచిన గొంతు ఇది.
"నలభైమూడూ ఆరొందలూ" అని ఒక్క పిలుపు పిలిస్తే
షెడ్డు ఆ చివర టిక్కీలు కుట్టేవాడు తలెత్తేవాడు.
దళారులు విన్నారు, హమాలీలు విన్నారు,
తాలు కాయల రైతు
వినకూడదనుకుంటూనే విన్నాడు.
దీనికి వినబడదట.

మైకు మార్చాను.
నోటికి రెండు వేళ్ల దూరం, నాలుగు వేళ్ల దూరం.
గొంతు నేర్పే పాఠం ఏడుసార్లు చదివి వినిపించాను,
ఎక్కడివో నదుల గురించి, వెన్న గురించి.
అసలేం వింటోందో చూద్దామని చిట్టా తెరిస్తే
కుక్కరు మూడో కూతని
ఫ్లాప్స్ మొత్తం దించమన్నట్టు రాసుకుంది.
నా దగ్గుని
(యార్డు ఇచ్చిన పింఛను అదొక్కటే)
ఇంజన్ ఆపమన్నట్టు.
తెనాలి పొలాల మీద, పదకొండొందల అడుగుల ఎత్తున,
ఒకసారి దగ్గి చచ్చిపోయాను.
మరునిమిషం గన్నవరంలో కూర్చుని
మంచినీళ్లు తాగాను.

ఎదురింటి మస్తాన్‌వలి వచ్చాడు, సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు.
హెడ్‌సెట్ పెట్టుకుని నా గొంతు విన్నాడు.
నవ్వలేదు, అది వాడి మంచితనం.
"బాబాయ్, మాటకి తోక వదుల్తున్నావు.
అప్పు కాదు. అప్.
పెదాలు మూసి అక్కడే ఆపెయ్."

మూశాను. ఆపాను.
అప్... ఉ.
ఆ ఉ ఎక్కణ్ణుంచి వస్తోందో నాకే తెలీదు.
పలక రోజుల్లో మా పంతులు
నకారప్పొల్లు దిద్దిస్తూ అనేవాడు:
పొల్లంటే గింజలేని వడ్లురా,
ఊదితే పోతుంది.
అరవై రెండేళ్లొచ్చాక
గింజ తీసేసి ఊక పలకమంటే
నోరు ఒప్పుకోవడం లేదు.

రెండు సాయంత్రాలు మేడ మీద సాధన చేశాను.
అప్. బ్రేక్. ఫ్లాప్. లైట్.
ఎక్కిళ్లనుకుని పక్కింటివాళ్లు
చెంబుతో నీళ్లు పంపారు.

మూడో రాత్రి మస్తాన్‌వలి
సెట్టింగుల అట్టడుగున ఒక గడి కనిపెట్టాడు.
ఏ మాటకి ఏ పనో మనమే రాసుకోవచ్చట.
"నీ నోట్లో ఎలా ఉందో అలాగే పెడదాం బాబాయ్,
దాన్నే నేర్చుకోనీ."
ఒక్కో అక్షరం పలుకుతూ కొట్టాడు:
గే. ర. ప్పు.

ఎడమ రెక్క కింద కృష్ణ,
బ్యారేజీ దీపాల వరస.
పిలుపు గొంతు మానేసి,
పక్కింటికి వినబడకుండా
అప్పు అడిగే గొంతుతోనే అడిగాను:
గేరప్పు.

చక్రాలు కడుపులోకి ముడుచుకున్న చప్పుడు.
పచ్చదీపాలు మూడూ ఆరిపోయాయి.

ఆ మాటకి ఈ ఇంట్లో దిగినవే ఉన్నాయి:
ఆమె చేతి గాజులు,
కాకుమాను రోడ్డు పక్కన ముప్పావెకరం,
మా బావమరిది రాకపోకలు.
లేచింది ఇదొక్కటే.

ఫ్లాప్సు సంగతి ఇంకా తేలలేదు.
"దిగేటప్పుడు చూద్దాంలెండి,"
అంది భ్రమరాంబ, చేతిలో గరిటెతో
మంచం అంచున కూర్చుంటూ.
ఇవాళ కుక్కరు పెట్టలేదు.
అన్నం గిన్నెలోనే వార్చింది.