కుడి రెక్క

పిండి బస్తా దించబోతే భుజంలో ఏదో చిటుక్కుమందన్నాడు నుగ్జార్.
మూడు వారాల తర్వాత
చొక్కా విప్పి, గోడని తోస్తూ నన్ను పిలిచాడు:
"లమారా, నా వీపు చూడు."
కుడి రెక్కఎముక లేచి నిలబడి ఉంది,
గాలికి సగం తెరుచుకున్న కిటికీ తలుపులా.

ఎగరడానికి కాదు ఆ రెక్క.
అలమరలో కప్పు అందుకోవడానికైనా కాదు.

కుతాయిసీలో మా రొట్టెల పొయ్యి బావిలాంటిది.
నడుం దాకా లోపలికి వంగి
వేడిగోడకి పిండి చరచాలి, ఒక్క దెబ్బలో.
రెక్కాడితే గాని డొక్కాడని ఇల్లు మాది.
ఇప్పుడు రెక్క ఆడుతోంది,
ఆడకూడని చోట.

ఎతేరి అని, ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే పిల్ల,
"నరం రోజుకి ఆవగింజలో సగమంత పెరుగుతుంది.
తొందరపెట్టలేం.
అది వచ్చేదాకా కండ పని మరిచిపోకుండా చూడాలి" అంది.

గోడకి అరచెయ్యి ఆనించి తొయ్యడం.
వెల్లకిలా పడుకొని, నీళ్ళ సీసా పట్టుకొని, పైకప్పుని గుద్దడం.
తువ్వాలుతో గోడ తుడుస్తున్నట్టు పైకి, పది. మళ్ళీ పది.
ముప్పై ఏళ్ళు గోడకి రొట్టెలు కొట్టిన మనిషికి
గోడని ముట్టుకోవడం నేర్పింది ఆ పిల్ల.
తిట్టాడు. ఆమెని కాదు, సీసాని.

ఆ చలికాలం పొయ్యి దగ్గర నేను.
కనుబొమలు కాలాయి.
పడవల్లా రావాల్సిన రొట్టెలు చెప్పుల్లా వచ్చాయి.
వీధివాళ్ళు ఏమీ అనకుండా కొనుక్కుపోయారు.
రాత్రి ఆ ఎముకని నేను అరచేత్తో అదిమిపడితే
తను గోడని తోసేవాడు.
లెక్క నాది. అప్పుడప్పుడు ఏడు తర్వాత తొమ్మిది అనేదాన్ని.
తనకి తెలుసు.

మార్చిలో ఒక రాత్రి నా చేతికింద ఏదో కదిలింది,
నిద్రలో పిల్లి ఒళ్ళు విరిచినట్టు.
"మళ్ళీ తొయ్యి" అన్నాను.
కదల్లేదు.
"మళ్ళీ."

ఈస్టర్‌కి ఇల్లంతా సున్నం వేస్తూ వంటింటి గోడ దగ్గర ఆగిపోయాను.
చెమటా పిండీ కలిసిన అరచేతి మరకలు,
నడుం ఎత్తున మొదలై
ఒకదానిమీదొకటి, చెవి దాకా.
"వేసెయ్యి, పైన ఇంకా బోలెడు గోడ ఉంది" అన్నాడు.

నిన్న పొద్దున పొయ్యిలోకి వంగాడు.
మొదటి రొట్టె బూడిదలో పడింది.
రెండోదీ అంతే.
మూడోది అంటుకుందో లేదో చూడబోయి
ఇద్దరం ఒకేసారి తొంగిచూశాం,
తలలు ఠప్పున కొట్టుకున్నాయి.