పన్నెండో గుంత

ఖాజాగూడ గుట్ట కింద ఆటో దిగేసరికి
ఇంకా మసక చీకటే.
ఇడ్లీ బండి మీది ఆవిరి తప్ప
ఎవరికీ మాటలు రావడం లేదు చలికి.
కరెంటాఫీసులో బిల్లులు సరిచూసి సరిచూసి
మెడలు పట్టేసిన ముగ్గురం,
నస్రీన్, ఎనిమిదో తరగతి చదివే వాళ్ళ సుమయ్య,
దారి చూపడానికి బాలకిష్టయ్య.
నాకు కొత్త బూట్లు.
ఆయనకు తాడు కట్టిన హవాయి చెప్పులు.

"పాదం మొత్తం పెట్టున్రి మేడమ్.
వేళ్ళ మీద నడిస్తె రాయి మిమ్ముల నమ్మది."
ఎవరు ఎవర్ని నమ్మాలో
మొదటి ఏటవాలులోనే తేలిపోయింది.
యాభై నాలుగేళ్ళ వయసులో
హ్యాండుబ్యాగు పొట్టకు కట్టుకుని
నాలుగు కాళ్ళ మీద ఎక్కాను.
చూసింది ఒక్క తొండే.
తల ఊపింది, ఒప్పుకున్నట్టో, నవ్వినట్టో.

తెల్లారింది.
రాళ్ళకు ఒక్కసారిగా నీడలు మొలిచాయి.
బండ మీద బండ, దాని మీద ఇంకో బండ,
ఎవరో పేరుస్తూ పేరుస్తూ
చాయ్ తాగొస్తానని వెళ్ళి
ఇంకా రానట్టు.
"పడిపోవా?" అంది సుమయ్య.
"నీకంటే ముందు పడయి బిడ్డా,
నాకంటే ముందు సుత పడయి."

పొద్దెక్కేకొద్దీ రాయి వేడెక్కింది.
సీతాఫలం పొదల్లో ఎండుకాయలు,
నల్లగా, గుప్పిట బిగించిన చేతుల్లా.
ఒక సందులో నీడ దొరికితే
పులిహోర, నస్రీన్ తెచ్చిన ఖీమా పరాటాలు
ఒకే కాగితం మీద కలిసిపోయాయి.
ఎదురుగా అద్దాల భవనం.
దానిలో ఈ గుట్ట.
ఆ గుట్ట మీద ఆరు చుక్కలు.
సుమయ్య చెయ్యి ఊపితే
చాలా దూరాన ఒక చుక్క చెయ్యి ఊపింది.

అప్పుడే ఎక్కడో ధమ్మని పేలింది.
మా కింది రాయి
పొట్టలో బిడ్డలా ఒకసారి కదిలి ఊరుకుంది.
బాలకిష్టయ్య పరాటా పక్కన పెట్టి
"పునాది" అన్నాడు. అంతే.

దిగే దారిలో ఆగాడు.
ఏనుగంత బండ, దాని నడుం మీద
కుట్టు వేసినట్టు వరసగా గుంతలు.
"గివి నేనే కొట్టిన.
పంతొమ్మిదేండ్లు నాకప్పుడు.
నాయిన ఉలి పట్టిండు, నేను సమ్మెట.
పన్నెండు వడితే చీలలు పెట్టాలె,
నీళ్ళు పొయ్యాలె, సప్పుడు కోసం చెవి పెట్టాలె.
పదకొండు వడ్డయి.
పన్నెండోది సగం గాంగనే
జీపుల ఎవరో కాయితాలు వట్టుకొని వచ్చిన్రు,
గుట్ట కొట్టొద్దన్నరు.
మంచిదే. బండ బతికింది."
కాసేపాగి,
"పదకొండు గుంతల కూలి మాత్రం
కంట్రాక్టరు ఇయ్యాల్టిదాంక ఇయ్యలే."

నా వేళ్ళు అలవాటు కొద్దీ
ముప్పై నాలుగేళ్ళకు వడ్డీ కట్టబోయి
మధ్యలో ఆగిపోయాయి.
ఏడో గుంతలో గడ్డి మొలిచింది.
తొమ్మిదో దాంట్లో ఎవరిదో చాక్లెట్ కాగితం.
బాలకిష్టయ్య దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు,
తన ఇంటి గుమ్మంలోది తీసినట్టు.
పన్నెండో గుంతలో సుమయ్య వేలు పెట్టింది.
మొదటి కణుపు వరకే వెళ్ళింది.
"లోపల చల్లగుంది" అంది.

మిగతా దిగుడంతా కూర్చునే జారాను.
చీర వెనక భాగం ఇక మసిగుడ్డకే.
మోకాళ్ళు తమలో తాము ఏదో గొణుక్కున్నాయి.
రోడ్డు మీద ఆయన చేతిలో డబ్బు పెడుతుంటే
ఎంచకుండా మడిచాడు.
నేనే ఆపాను: "లెక్కపెట్టుకో బాలకిష్టయ్యా."
నవ్వాడు. లెక్కపెట్టలేదు.

లాలాగూడ చేరేసరికి దీపాలు పెట్టారు.
పెరట్లో బట్టలుతికే బండ మీద
బూట్లు విప్పడానికి కూర్చున్నాను.
కొన్ననాటి నుంచీ ఆ అంచు గరుకు
నా చీరల్ని చింపుతోందని తిట్టుకునేదాన్ని.
చీకట్లో చెయ్యి దాని వెంట వెళ్ళింది.
వేలు పట్టేంత సగం గుంత.
జానెడు దూరంలో ఇంకొకటి.
తర్వాత ఇంకొకటి.

లోపల్నుంచి అన్నం మాడిన వాసన.
ఎవరో పిలుస్తున్నారు.
ఉండండి, ఆరు దాకా వచ్చాను.