యాభై ఏడో చీటీ

నాకు గుండీ కుట్టుకోవడం గూడా రాదు.
ఆ ఒక్క అర్హత చూసే
చిత్తూరు దర్జీల సంఘం వాళ్ళు
నన్ను ఎన్నికల అధికారిని చేసినారు.
"మాలో ఎవరూ మీకు టైలరు కాదు సార్,
మీ ప్యాంటు గూడా రెడీమేడే" అన్నాడు పాత కార్యదర్శి.
మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలీలేదు.

రిజిస్ట్రారాఫీసులో ముప్పై మూడేళ్ళు
ఊరివాళ్ళ హద్దులు రాసినవాణ్ణి.
బైలా చేతికిస్తే
పాత స్నేహితుడు ఎదురైనట్టుండింది.
పద్నాలుగు రోజుల నోటీసు.
ప్రతిపాదించేవాడొకడు, బలపరిచేవాడొకడు,
ఇద్దరూ చందా బాకీ లేనివాళ్ళు.
చందా అనేసరికి
మిట్టూరు నుంచి సంతపేట దాకా
మిషన్లు ఆగి సొరుగులు తెరుచుకున్నాయి.
కోశాధికారికి ఒక్క నామినేషనూ రాలేదు.
సహకార్యదర్శికి ఐదుగురు వేసినారు,
పనేమీ ఉండదని.

అధ్యక్షుడికి ఇద్దరు.
దర్గా దగ్గర షేర్వానీలు కుట్టే ఖాదర్ మొహిద్దీన్, గుర్తు కత్తెర.
బడిపిల్లల యూనిఫారాల చెంగల్రాయుడు, గుర్తు టేపు.
ఒకే గురువు దగ్గర కాజాలు నేర్చుకున్నవాళ్ళు,
పదేళ్ళుగా ఒకరి టీ ఒకరు తాగనివాళ్ళు.

ఆ ఏడే సవరణ వచ్చింది:
అంగడి లేకపోయినా, ఇంట్లో మిషనుంటే సభ్యత్వం.
జాకెట్లు కుట్టే ఆడవాళ్ళు పదకొండు మంది
మొదటిసారి వచ్చి వరస చివర నిలబడినారు.
ఒకామె అడిగింది:
"మడిచేది అడ్డంగానా, నిలువుగానా సార్?"
బైలా తిరగేసినాను. అందులో లేదు.

కళ్యాణమండపం మూల లుంగీగుడ్డ తెర,
తెర వెనక స్టూలు, స్టూలు మీద పెన్ను.
ఒకటే పెన్ను.
దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

సాయంత్రం బిస్కెట్ల డబ్బా బోర్లించినాము.
కత్తెరకు ఇరవై ఎనిమిది.
టేపుకు ఇరవై ఎనిమిది.
మిగిలిన ఒక్క చీటీ విప్పితే
టేపు బొమ్మ పక్క గడిలో
ఎర్రదారంతో కుట్టిన ఇంటూ గుర్తు.
నాలుగే పోట్లు. తిప్పి చూసినా ముడి కనపడదు.

నియమం పంతొమ్మిది:
ఓటరెవరో పోల్చుకోగల గుర్తున్న చీటీ చెల్లదు.
నాకైతే అది దారం.
వాళ్ళకది సంతకం.
కుట్టు చూసి చెయ్యి చెప్పగలిగినవాళ్ళు
హాలు నిండా ఉండారు.
ఎవరూ పేరెత్తలేదు. ఎవరూ ఆ పక్క చూడలేదు.
యాభై ఆరు మంది ఒకే వైపు చూడకుండా ఉంటే
ఆ వైపు ఎవరున్నారో
నాలాంటివాడిక్కూడా తెలిసిపోతుంది.

"చెల్లదు" అన్నాను,
రిజిస్ట్రారాఫీసు గొంతుతో.

టీ తెచ్చిన పిల్లోడితో లాటరీ తీయించినాము.
టేపే వచ్చింది.
"ఫలితం ఒకటే గదా సార్" అని అందరూ తేలికపడినారు.
ఖాదర్ భాయ్ లేచి
కొలత తీసుకున్నట్టు చెంగల్రాయుడి భుజాలు పట్టుకున్నాడు.
ఒకటే ఎట్లవుతుంది?
గెలిపించింది టీ పిల్లోడు.
ఆమె కాదు.

తెర విప్పేటప్పుడు పెన్ను చేతికొచ్చింది.
అరచేతి మీద గీసినాను.
గీత పడింది, సిరా పడలేదు.
ఎప్పుడు అయిపోయిందో.
ఇంకో పెన్నివ్వండని బయటికొచ్చి
ఇంతమంది మగవాళ్ళలో నన్నడగాల.
జాకెట్టుకు గుచ్చుకున్న సూదికైతే
ఎవర్నీ అడగబన్లేదు.

ఏడాది దాచి కాల్చమంటుంది నియమం ఇరవై రెండు.
నిన్న పెరట్లో, అదే డబ్బాలో కాల్చినాను.
కత్తెరలూ టేపులూ కలిసి బూడిదైనాయి.
పాలిస్టర్ దారం కాలదు.
ముడుచుకుని
ఆవగింజంత గట్టి చుక్కయి
డబ్బా అడుగున అంటుకుంది.
గోటితో గీకినాను. రాలేదు.

ఈ వారం మళ్ళీ నోటీసు రాయాల.
మొదటి వాక్యం రాసిపెట్టుకున్నాను:
తెర వెనక పెన్నులు రెండు.
దారంతో కట్టి ఉంచవలెను.