చేతులు అద్దెకు

ముఖాల సంగతి తర్వాత, ముందు చేతులు కావాలంది రోవీనా.
గంటకు ముప్ఫై డాలర్లు.
ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ దిగి
బస్సు మారి, వాగు వెంట నడిచి
ఆమె షెడ్డుకి వెళ్ళేదాన్ని, మంగళవారాలు.
హోబార్ట్ అంతటా ఎండ కాస్తుంది,
కొండ కింద ఈ లోయలో మాత్రం
అప్పున్నవాడిలా మొహం చూపించి తప్పుకుంటుంది.
ఆడఖైదీల కార్ఖానా ఇక్కడే ఉండేదట.
ఇప్పుడు కొన్ని గోడలు, గడ్డి, టికెట్టు కిటికీ.

వాళ్ళ బొమ్మలెవరూ గీయలేదు.
ఉన్నదల్లా ఓడ దిగిననాడు గుమాస్తా రాసుకున్న పద్దు,
ఎద్దును బేరమాడేవాడు పళ్ళూ సుడులూ చూసినట్టు:
కెజయా ట్రెగేర్. పందొమ్మిది.
నాలుగడుగుల పదకొండంగుళాలు. చామనఛాయ.
ఎడమ కనుబొమ మీద గాటు.
మోచేతి కింద పచ్చబొట్టు, లంగరు, పక్కన రెండక్షరాలు.
శిక్ష ఏడేళ్ళు.
ఆ రెండక్షరాలు ఎవరివని గుమాస్తా అడగలేదు.

రోవీనా నా చేతుల్ని చెక్కతొట్టిలో పెట్టించింది.
నిజం నీళ్ళే, మంచు కరిగినంత చల్లగా.
"దుప్పటి పిండుతున్నట్టు నటించు" అంది.
నటించడమేమిటి, పిండాను.
మా దగ్గర అన్నీ మెషిన్లే ఉతుకుతాయి గానీ
నెత్తురు మరక ముందు చేత్తోనే పోవాలి.
పదకొండేళ్ళ పని. మణికట్టు దగ్గర ఎముక
ఎలా లేస్తుందో ఆమె పెన్సిలు అరిగేదాకా గీసింది.

ఒకరోజు అడిగాను, ఏం దొంగిలించిందని.
మంచం తెర. యజమానురాలి అమ్మమ్మ నాటిది.
తాకట్టుకొట్లో దొరికిపోయింది.
ఎక్కడి బట్ట?
మసూలా... మసూలీ... అంటూ రోవీనా
పద్దు కాగితం మీద వేలు జరుపుతోంది.
బందరు, అన్నాను.
తొట్టిలో చేతులు అట్లాగే ఉన్నాయి.

మా మేనత్త పెడన కాలవలో మోకాలిలోతున నిలబడి
అద్దకం బట్టలు జాడించేది.
పారే నీళ్ళలో జాడిస్తేగాని రంగు తేలదనేది.
సాయంత్రానికి ఆమె కాళ్ళు నానిన శనగల్లా ఉబ్బేవి.
ఆ తెర ఎవరు జాడించారో ఎవరికి తెలుసు?
వాళ్ళ ఎత్తు కూడా ఎవరూ కొలవలేదు.

కాన్వాసు మీద తెర పోలీసు లైటులా ఎర్రగా ఉంది.
ఇది కాదు, అన్నాను. చిరివేరు ఎరుపు ఇట్లా అరవదు.
ఎండిన రేగుపండు తొక్కని తలుచుకో.
ఆమెకు రేగుపండు తెలీదు.
నాలుగుసార్లు కలిపింది. నాలుగోది పరవాలేదు.

జాకెట్టు వీపున పసుప్పచ్చ సి అక్షరం,
తప్పు చేసినవాళ్ళలో మరీ తప్పు చేసినవాళ్ళకి.
పసుపు మాకు శుభం, అన్నాను.
కుంచె కాసేపు గాల్లోనే ఆగింది.

ఒక బొమ్మ దగ్గర మాత్రం ఆమెకే అనుమానం.
గుడ్డిదీపం, కత్తిరించిన జుట్లు, పదిమంది ఆడవాళ్ళు
ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు.
"నవ్వి ఉంటారా? నేను అబద్ధం గీశానా?"
నాకు నవ్వొచ్చింది.
మొన్న తెల్లారుఝామున మూడింటికి
సూపర్‌వైజరు విగ్గు దిండుగలీబుల్లో దొరికితే
మేం నేల మీద కూలబడి, పొట్టలు పట్టుకుని,
మారిసోల్ అయితే ఏడ్చేసింది కూడా.
గీశావులే, ఇంకో ఇద్దర్ని చేర్చు, అన్నాను.

ప్రదర్శన రోజు రేవు దగ్గరి గ్యాలరీకి వెళ్ళాను.
కోటు వేసుకున్న ముసలాయన ఒకాయన
కళ్ళజోడు పైకెత్తి కెజయా చేతుల్ని చూస్తున్నాడు.
"పాపం, ఎంత మొరటుగా అయిపోయాయో" అన్నాడు భార్యతో.
నావి జేబుల్లో పెట్టుకున్నాను.

బొటనవేలి కింద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ.
అది నాది, తీసెయ్యమని చెప్పాను.
తీయలేదు. గుమాస్తా పద్దులో లేని మచ్చ
ఇప్పుడు ఆమెకుంది.
బాగుందో లేదో తేల్చుకునేలోపే ఏడు కావచ్చింది,
బస్సు పోతుందని బయటపడ్డాను.