మడతలో పిట్ట

పద్దెనిమిదేళ్లుగా పెళ్లిపత్రికల మీద
వినాయకుణ్ణి అదే నడిమధ్యన కూర్చోబెడుతున్న చేతికి
మొన్న ఒక పిట్ట వచ్చింది.

కలివికోడి.
లంకమల పొదల్లో పొద్దుగూకినాక తిరిగేది.
రెక్కలుండీ పరుగునే నమ్ముకున్నది.
బొమ్మలేసిన పెంచలమ్మ టీచరు దాన్ని చూడలేదు.
కథ రాసిన గురవయ్య సారూ చూడలేదు.
కడపలో, నాగరాజుపేట సందులో,
కిర్రుమనే ఫ్యాను కింద కూచోని
ముప్పైరెండు పేజీల్లో దాన్ని యాడ నిలబెట్టాల్నో
నేను చెప్పాలంట.

సారుకు ప్రతి పేజీలో పిట్ట కావాల.
"దుడ్లు పెట్టి కొనేది దానికోసమే గదమ్మా మాబున్నీ!"
టీచరుకు రాత్రి కావాల.
నలుపు, నలుపులో నీలం,
నీలంలో ఎక్కడో ఒక కంటి మెరుపు.
ప్రెస్సు దస్తగిరికి నలుపంటేనే భయం.
"అంత ఇంకు ఆరదు మేడం, ఎదురు పేజీకి అంటుకుంటాది,
చీకటి మీద చీకటి అచ్చవుతాది."

అక్షరాలు వాళ్ల ముగ్గురికన్నా మొండివి.
వరసకూ వరసకూ నడుమ జాగా ఇయ్యకుంటే
పై వరసలో 'పక్షి' కింద వేలాడే వొత్తు
కింది వరసలో 'కీచు' గుడి మీద కాలు మోపుతుంది.
మన లిపికి తలమీదా కాళ్లకిందా ఊపిరాడాల.
ఆ సంగతి ఈ సాఫ్టువేరుకు
దాన్ని కన్నవాళ్లెవరూ చెప్పినట్టు లేదు.

'అంతలో' అనే మాటను
కుడిపేజీ కింది మూలకు నెట్టినా.
ఉమ్ము తడి చేసుకున్న వేలు
వచ్చేది అక్కడికే.
అడుగుజాడల్ని అంచు దాటించి
ఇంకో మూడు మిల్లీమీటర్లు పోనిచ్చినా.
కోత కత్తి ఎంత తిన్నా
పిట్ట ఇంకా పోతానే ఉండాదనిపించాల.

ఇంక, రెండు పేజీల నడిమి మడత.
అది మా బుగ్గవంక లాంటిది.
చూస్తే ఎండిపోయినట్టే ఉంటుంది.
ఒడ్డున ఏమన్నా మరిచిపోయినావా, మింగేస్తుంది.
నా చిన్నప్పుడు ఒకే రాత్రిలో
అమ్మ కుట్టుమిషనూ, పక్కింటోళ్ల మూడు కోళ్లూ పోయినాయి.
పక్క కుట్టు పుస్తకమైతే అరంగుళం ఎడంగా జరగాలని
పనికి కొత్తగా వచ్చిన పిల్లలకు చెప్పేది నేనే.
మరిచిపోయిందీ నేనే.

నమూనా కాపీ వచ్చింది.
పద్నాలుగూ పదిహేనూ పేజీలు.
ఇటు తోక కొన, అటు ఒక పొద.
పెద్ద కండ్లూ, ఎదమీది రెండు పట్టీలూ,
టీచరు నెలరోజులు చెరిపి గీసిన ముక్కూ,
అన్నీ వంకలో.

తల పట్టుకోని కూచున్నా.
కాగితం కట్టల మీదెక్కి
దస్తగిరి బిడ్డ రిజ్వానా, రెండో తరగతి,
కూడబలుక్కుంటా చదువుతాంది.
పద్నాలుగు దగ్గర ఆగింది.
"పిట్ట యాడికి పాయ?"

పుస్తకాన్ని బండ మీద పరిచి
మడత మీద మోచెయ్యి ఆనించి నొక్కింది.
ఒక కన్ను మూసి, ఇంకో కన్ను
కాగితానికి ఆనించి చూసింది.
"ఉండాది. లోపలుండాది.
నన్ను చూస్తాంది."
నేను నోరు తెరవబోతే
వేలు పెదవి మీద పెట్టుకునింది.
పిట్ట ఉలిక్కిపడకుండా
పేజీని మెల్లగా, చానా మెల్లగా తిప్పింది.

సాయంత్రం సారు ఫోను, అరుపులు.
నిజమే, తప్పే.
పిట్టను అంగుళం ఎడమకు జరిపినా.
కండ్లు, పట్టీలు, ముక్కు, అన్నీ కనబడినాయి
పెళ్లిపత్రిక మీద వినాయకుడంత స్పష్టంగా.

రాత్రి పదకొండు.
ముందర రెండు ఫైళ్లు తెరిచి ఉన్నాయి.
ఒకదాంట్లో పిట్ట కనబడుతుంది.
ఇంకోదాంట్లో ఉంది.
పొద్దున ఎనిమిదికి దస్తగిరి ప్లేట్లు చేపిస్తాడు.

కరెంటు పోయింది.
చీకట్లో బల్ల కింద యూపీఎస్సు
ఆగి ఆగి
ఒకటే కూత.